నేల మీద పెరుగు ఎప్పుడు పడింది? వార్డ్ వర్సెస్ టెస్కో కేసు, జారిపడిన కేసుల్లో రుజువు భారం

దుకాణంలోనో, ఆసుపత్రి వరండాలోనో, ఫంక్షన్ హాలు మెట్ల మీదో జారిపడి ఎముక విరిగిన మనిషికి మన ఇళ్లలో మొదట ఎదురయ్యే మాట "చూసుకుని నడవద్దా?" అన్నదే. ఆ ఒక్క మాటతో చాలా ఫిర్యాదులు కోర్టు గుమ్మం దాకా రాకుండానే ముగిసిపోతాయి. వచ్చిన కొద్దిపాటి కేసుల్లో కూడా ప్రతివాది తరఫు న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌లో గాయపడిన మనిషి చేత అదే మాటను ఒప్పించాలని చూస్తాడు. నడిచిన మనిషి ఎలా నడిచింది అన్నదానికంటే ముందు, ఆ నేలను చూసుకోవలసినవారు ఆ రోజు ఏం చేశారు అన్నది అడగాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకానికి న్యాయశాస్త్రంలో దొరికే ఆధారాల్లో అన్నిటికంటే స్పష్టమైనది 1976లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు చెప్పిన వార్డ్ వర్సెస్ టెస్కో స్టోర్స్ తీర్పు. ఇంత చిన్న గాయం మీద ఇంత ఉపయోగపడే సూత్రం పుట్టడం అరుదు కాబట్టి, ఆ కేసును మొదటి నుంచి పరిశీలించి, మన కోర్టుల్లో అది ఎంతవరకు పనికివస్తుందో వివరిస్తాను.

1974 జూన్ 29 మధ్యాహ్నం వేళ లివర్‌పూల్ నగరంలోని స్మిత్‌డౌన్ రోడ్డులో ఉన్న టెస్కో సూపర్‌మార్కెట్‌కు వాది వార్డ్ సరుకుల కోసం వెళ్లింది. తీగబుట్ట చేత పట్టుకుని అరల మధ్య తిరుగుతూ దుకాణం వెనుక భాగానికి చేరేసరికి కాలి కింద ఏదో జిగటగా తగిలి జారి పడిపోయింది. లేచేటప్పుడు చూసుకుంటే గులాబీ రంగు పదార్థం కనిపించింది. అది యోగర్ట్, అంటే డబ్బాలో అమ్మే తీపి పెరుగు. మూడింట రెండు వంతులు ఖాళీ అయిన డబ్బా ఒకటి దగ్గరలోనే సిబ్బందికి దొరికింది. ఆమెను లేపి మేనేజరు గదికి తీసుకెళ్లారు. మరకలు పడిన బట్టలను శుభ్రం చేయించడానికి తీసుకున్నారు. గాయాలు స్వల్పమైనవి. ఆమె చూసుకోకుండా నడిచిందని దుకాణం ఏ దశలోనూ వాదించలేదు. అరల మీద ఉన్న సరుకుల వైపు కస్టమర్ చూపు తిరగాలన్నదే సూపర్‌మార్కెట్ అమరిక ఉద్దేశం కాబట్టి, నేల చూడలేదన్న నింద అక్కడ నిలబడేది కాదు.

ఆమె రుజువు చేయగలిగింది దాదాపు ఇంతే. ఆ పెరుగు ఎవరి చేతి నుంచి జారింది, ఎప్పుడు జారింది, ఎంతసేపు అక్కడ ఉంది అన్న ప్రశ్నలకు ఆమె దగ్గర సమాధానం లేదు. అయితే ఆమె సాక్ష్యంలో మరొక సంగతి ఉంది. సుమారు 3 వారాల తర్వాత అదే దుకాణానికి వెళ్లినప్పుడు నేల మీద నారింజ పానీయం ఒలికి ఉండటం గమనించి, పావుగంట సేపు దాని మీద కన్నేసి ఉంచింది. ఆ పావుగంటలో దాన్ని తుడవడానికి ఎవరూ రాలేదు. న్యాయవాది లేని వేళ ఒక సామాన్య కస్టమర్ సేకరించిన ఈ సాక్ష్యం విలువను ఎంత చెప్పినా తక్కువే. ప్రమాదం జరిగిన రోజు గురించి అది నేరుగా ఏమీ చెప్పదు. కానీ ఆ దుకాణంలో ఒలికినదాన్ని తుడిచే పద్ధతి ఎలా నడుస్తోందో కోర్టుకు కళ్లకు కట్టినట్టు చూపించింది.

దుకాణం తన పద్ధతి గురించి సాక్ష్యం ఇచ్చింది. నేలను రోజుకు 5 లేదా 6 సార్లు ఊడుస్తారు. ఏదైనా ఒలికినట్టు కనిపిస్తే చూసిన ఉద్యోగి అక్కడే నిలబడి శుభ్రం చేసేవారిని పిలవాలన్న ఆదేశం ఉంది. వారానికి సుమారు 10 సార్లు సరుకులు ఒలికిన ఘటనలు జరుగుతుంటాయి. వినడానికి ఇది బాధ్యత గల యాజమాన్యంగానే అనిపిస్తుంది. కానీ ఒకే ఒక్క విషయం మీద దుకాణం మౌనం వహించింది: ఆ రోజు, ఆమె పడటానికి ముందు, ఆ నేలను చివరిసారి ఎప్పుడు ఊడ్చారు? దాని మీద ఒక్క సాక్షి కూడా రాలేదు. ఈ కేసు మొత్తం ఆ మౌనం చుట్టూనే తిరిగింది.

లివర్‌పూల్ కౌంటీ కోర్టు వాదికి కొద్దిపాటి పరిహారం ఇచ్చింది. అంత తక్కువ మొత్తం కోసం ఒక పెద్ద సంస్థ అప్పీలుకు వెళ్లిందంటే డబ్బు కోసం కాదని, సూత్రం తేల్చుకోవడానికేనని అర్థమవుతుంది. అప్పీలు కోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల్లో లాటన్, మెగా వాదికి అనుకూలంగా, ఆర్మ్‌రాడ్ దుకాణానికి అనుకూలంగా తీర్పు రాశారు.

మెజారిటీ తర్కం ఇలా సాగుతుంది. దుకాణం నేలల మీద పెరుగు, నూనె వంటివి పడి ఉండకూడదు. సిబ్బంది ఆ బాధ్యతను సక్రమంగా నిర్వర్తిస్తుంటే అలా పడి ఉండటం మామూలుగా జరిగేది కాదు. కాబట్టి, అలాంటి పదార్థం మీద జారి పడ్డానని కస్టమర్ రుజువు చేసిన వెంటనే, వివరణ ఇవ్వవలసిన వంతు దుకాణానిది అవుతుంది. తాము సరైన జాగ్రత్త తీసుకున్నప్పటికీ ఈ ప్రమాదం ఇదే విధంగా జరిగి ఉండేదని దుకాణం చూపగలగాలి. నేలను చివరిసారి ఎప్పుడు ఊడ్చారో చెప్పలేని సంస్థకు ఆ వివరణ ఇవ్వడం సాధ్యం కాదు. ఈ తర్కానికి మూలం 1865 నాటి స్కాట్ వర్సెస్ లండన్ అండ్ సెయింట్ కేథరిన్ డాక్స్ కేసులో ఉంది. గోదాము నుంచి చక్కెర బస్తాలు ఒక కస్టమ్స్ అధికారి మీద పడిన ఆ కేసులో, ప్రమాదానికి కారణమైన వస్తువు ప్రతివాది ఆధీనంలో ఉండి, తగిన జాగ్రత్త తీసుకుంటే మామూలుగా జరగని ఘటన జరిగినప్పుడు, ఆ ఘటనే నిర్లక్ష్యానికి ప్రాథమిక సాక్ష్యమవుతుందని తేల్చారు. మన న్యాయవాదులు లాటిన్‌లో "రెస్ ఇప్సా లోక్విటర్" (జరిగిన ఘటనే సాక్ష్యం చెబుతుంది) అని వాదించేది ఇదే.

ఆర్మ్‌రాడ్ అసమ్మతి తీర్పును తేలిగ్గా తీసివేయకూడదు. పెరుగు నేల మీద ఎంతసేపు ఉందో తెలియనప్పుడు, మరొక కస్టమర్ చేతి నుంచి అది కొద్ది క్షణాల ముందే జారి ఉండవచ్చు. అదే నిజమైతే ప్రపంచంలోని ఎంత గొప్ప శుభ్రతా పద్ధతీ ఈ ప్రమాదాన్ని ఆపగలిగేది కాదు. ఆపలేనిదాన్ని ఆపలేదని ఎవరినైనా బాధ్యులను చేయడం ఎలా న్యాయం? దుకాణం నడిపే ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారు. అమెరికా కోర్టులు చాలావరకు ఈ దారినే నడిచాయి. 1901లో మసాచుసెట్స్‌లో రైల్వే ప్లాట్‌ఫారం మీద అరటి తొక్క మీద కాలు వేసి జారిన ప్రయాణికుడు ఓడిపోయాడు. దిగుతున్న మరో ప్రయాణికుడు ఆ నిమిషంలోనే దాన్ని పారేసి ఉండవచ్చునన్నదే కారణం. అదే రాష్ట్రంలో 1911లో అలాగే జారిన మహిళ గెలిచింది. ఎందుకంటే ఆమె కాలి కింది తొక్క ఎండి, నల్లబడి, మట్టి అంటుకుని, తొక్కిడికి అణిగిపోయి ఉందని సాక్ష్యం వచ్చింది, అంటే అది చాలాసేపటి నుంచి అక్కడ ఉందన్నమాట. 1986లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు, మ్యూజియం మెట్ల మీద మైనపు కాగితం వల్ల జారిపడ్డ వ్యక్తి కేసును, ఆ కాగితం ఎంతసేపటి నుంచి ఉందో చూపలేదన్న కారణంతో కొట్టివేసింది. ఆ దేశంలో ఉంటున్న తెలుగువారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి: అక్కడ పడిన చోట ఉన్న పదార్థం రంగు, ఎండిన తీరు, దాని మీద కాలిముద్రలు ఉన్నాయా అన్నది వెంటనే ఫొటోల్లో పట్టుకోకపోతే కేసు అక్కడితో బలహీనపడుతుంది.

నా దృష్టిలో మెజారిటీ తీర్పే సరైనది. ఇది గాయపడినవారి పట్ల జాలితో చెబుతున్న మాట కాదు. పదార్థం ఎప్పుడు పడిందో తెలుసుకునే సాధనాలు ఎవరి దగ్గర ఉన్నాయి? ఊడ్చే సమయాల రిజిస్టరు, హౌస్‌కీపింగ్ సిబ్బంది హాజరు, కెమెరా దృశ్యాలు, ప్రమాదాల పుస్తకం, అన్నీ యాజమాన్యం దగ్గరే ఉంటాయి. నేల మీద పడిన మనిషి దగ్గర నొప్పి తప్ప మరేమీ ఉండదు. రికార్డు రాయనివారికి ఆ రికార్డు లేకపోవడమే రక్షణ అవుతుందంటే, రాయకుండా ఉండటమే తెలివైన పని అయిపోతుంది. వార్డ్ తీర్పు ఆ దారిని మూసింది.

అయితే ఈ తీర్పు యజమానిని బీమా సంస్థగా మార్చలేదు, అంటే జరిగిన ప్రతి ప్రమాదానికీ చెల్లించి తీరాలని చెప్పలేదు. 2002లో లావర్టన్ వర్సెస్ కియాపాషా కేసులో, వాన కురిసిన రాత్రి జనంతో కిక్కిరిసిన చిన్న కబాబు దుకాణంలో తడి నేల మీద జారి చీలమండ విరిగిన మహిళ అప్పీలు కోర్టులో ఓడిపోయింది. జారుడును తగ్గించే పలకలు వేసి, వీలైనప్పుడల్లా తుడిచే ఏర్పాటు చేసుకున్న చిన్న దుకాణదారు, జనం లోపలికీ బయటికీ తిరుగుతున్నంతసేపూ నేలను పొడిగా ఉంచాలని చట్టం కోరదని మెజారిటీ భావించింది. సహేతుకమైన జాగ్రత్త అన్నది దుకాణం పరిమాణాన్నీ, వేళనూ, వాతావరణాన్నీ బట్టి మారుతుంది. మన దగ్గర కస్టమర్ తరఫున వాదించేవారు ఈ కేసును దాచిపెట్టకుండా, తమ కేసు దీనికి ఎలా భిన్నమో ముందే చెప్పడం మంచిది. ఎదుటి పక్షం ఎలాగూ చూపిస్తుంది.

ఇక మన దేశానికి వస్తే, ఆవరణల ఆధీనదారుల బాధ్యతకు ఇంగ్లండ్‌లో 1957 నుంచి ప్రత్యేక చట్టం ఉండగా, మనకు అలాంటి చట్టం లేదు. కోర్టులు టార్ట్ సూత్రాలనే, అంటే ఒకరి తప్పు వల్ల మరొకరికి కలిగిన నష్టానికి పరిహారం ఇప్పించే సివిల్ న్యాయసూత్రాలనే, ఆధారం చేసుకుంటాయి. ఇంగ్లండ్ తీర్పులు మన కోర్టులను కట్టడి చేయవు, దారి చూపుతాయంతే. యజమాని బాధ్యతపై మన సుప్రీంకోర్టు చెప్పిన గట్టి మాట 1966 నాటి ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ వర్సెస్ సుభగవంతి తీర్పులో ఉంది. 1951లో చాందినీ చౌక్‌లో టౌన్ హాలు ఎదుట ఉన్న గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయారు. సుమారు 80 ఏళ్ల నాటి ఆ కట్టడంలో వాడిన సున్నం గార రీత్యా దాని ఆయుష్షు 40, 45 ఏళ్లకు మించదని నిపుణుడు సాక్ష్యం ఇచ్చాడు. లోపం బయటికి కనబడలేదన్న వాదనను కోర్టు అంగీకరించలేదు. రహదారి పక్కన ఉన్న కట్టడాన్ని ప్రమాదరహితంగా ఉంచడం యజమాని విధి అనీ, లోపం కంటికి కనబడేదైనా దాగి ఉన్నదైనా ఆ విధి తప్పదనీ చెప్పింది. ఆ కేసు బయట నడిచేవారి గురించి. దుకాణం లోపల జారిపడిన కేసుకు అది యథాతథంగా వర్తించదు. కానీ తన ఆధీనంలోని కట్టడం గురించి "నాకు తెలియదు" అన్నది సరిపోయే జవాబు కాదన్న సూత్రానికి అది బలమైన ఆధారం.

వార్డ్ తర్కానికి మన సాక్ష్య చట్టంలోనే చోటు ఉంది. పాత చట్టంలో 106వ సెక్షనుగా ఉండి, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 109వ సెక్షనుగా మారిన నిబంధన ప్రకారం, ఒక వాస్తవం ప్రత్యేకంగా ఒక వ్యక్తి ఎరుకలోనే ఉంటే దాన్ని రుజువు చేసే భారం ఆ వ్యక్తిదే. పాత 114వ సెక్షన్‌లోని (జి) ఉదాహరణ కొత్త చట్టంలో 119వ సెక్షను కింద కొనసాగుతోంది. చూపగలిగి ఉండీ చూపని సాక్ష్యం, చూపితే దాచినవారికి వ్యతిరేకంగానే ఉండేదని కోర్టు ఊహించవచ్చు. ఈ రెండింటినీ కలిపి వాదిస్తే, చివరిసారి ఎప్పుడు తుడిచారో చెప్పని దుకాణం పరిస్థితి ఇక్కడ కూడా లివర్‌పూల్ దుకాణం పరిస్థితే అవుతుంది. అయితే వాది తన వంతు ప్రాథమిక రుజువు చేయకుండా 109వ సెక్షన్‌ను ఆశ్రయించడం కుదరదు. ఎక్కడ పడింది, దేని మీద జారింది, ఆ పదార్థం ఏమిటి అన్నంతవరకు ఆమె చూపి తీరాలి. "నేల నున్నగా ఉంది, పడిపోయాను" అని మాత్రమే రాసిన ఫిర్యాదులు ఓడిపోవడానికి కారణం ఇదే.

"జాగ్రత్తగా నడవండి, ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అన్న బోర్డు గురించి ప్రతి కక్షిదారూ అడుగుతారు. 2019లో తాజ్‌మహల్ హోటల్ వర్సెస్ యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కేసులో, పార్కింగ్ చీటీ మీద కారు బాధ్యత యజమానిదేనని ముద్రించి ఉన్నప్పటికీ, సిబ్బంది చేతికి అప్పగించిన కారు పోయినప్పుడు తన నిర్లక్ష్యం లేదని హోటలే చూపాలని, ఆ ముద్రిత షరతు చాటున దాక్కోవడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. అది వస్తువును అప్పగించిన కేసు, ఒంటికి తగిలిన గాయం కేసు కాదు. అయినా షరతు కంటే ముందు జాగ్రత్త రుజువు కావాలన్న వాదనకు నేను దాన్ని ధైర్యంగా ఉదహరిస్తాను. తడిసిన చోట పెట్టిన పసుపు రంగు హెచ్చరిక బోర్డు మాత్రం వేరు. అది సరైన చోట, దూరం నుంచే కనబడేలా, పక్కనుంచి వెళ్లడానికి దారి ఉండేలా పెట్టి ఉంటే, యజమాని తన విధిలో ముఖ్యమైన భాగం నిర్వర్తించినట్టే. మొత్తం దారి తడిగా ఉన్నప్పుడు మూలన నిలబెట్టిన బోర్డుకు ఆ విలువ ఉండదు.

ఎవరిని ప్రతివాదిగా చేర్చాలన్నది మన మాల్స్‌లో చిక్కుముడి. కట్టడం ఒకరిది, అద్దెకు తీసుకున్న దుకాణం మరొకరిది, తుడిచే పని కాంట్రాక్టు ఏజెన్సీది. 1966 నాటి వీట్ వర్సెస్ లేకన్ కేసు ఇక్కడ ఉపయోగపడుతుంది. పబ్బులో బస చేసిన అతిథి చీకటిలో వెనుక మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. మెట్ల చివరిదాకా పట్టుకునే కడ్డీ లేదు, బల్బు లేదు. పబ్బు యజమాని అయిన బ్రూవరీ (బీరు తయారీ) సంస్థ, పబ్బు మేనేజరు ఇద్దరూ ఆ చోటి మీద కొంత కొంత ఆధిపత్యం కలవారేనని, అందువల్ల ఇద్దరికీ విధి ఉందని అప్పట్లో ఇంగ్లండ్ అత్యున్నత కోర్టుగా ఉన్న ప్రభువుల సభ చెప్పింది. నిర్లక్ష్యం రుజువు కానందున చివరికి ఆ కుటుంబానికి పరిహారం రాలేదు. కానీ ఆ చోటి మీద అదుపు ఎవరిదన్నదే కొలబద్ద అన్న సూత్రం నిలిచింది. పడిన చోటు దుకాణం గుమ్మానికి లోపలా, బయటి ఉమ్మడి వరండానా అన్నది ఫొటోలో తెలిసేలా తీయించడం, సందేహం ఉంటే ముగ్గురినీ చేర్చడం నా పద్ధతి.

లీగల్ నోటీసు ఆలస్యం కాకూడదు. కెమెరా రికార్డింగుల మీద కొద్ది రోజులకో వారాలకో కొత్తవి ఎక్కిపోతాయి. కాబట్టి మొదటి నోటీసులో పరిహారం అంకె లేకపోయినా ఫరవాలేదు గానీ, ఫలానా తేదీ, ఫలానా సమయం, ఫలానా భాగానికి సంబంధించిన దృశ్యాలు, శుభ్రతా రిజిస్టరు, ఆ షిఫ్టులో ఉన్నవారి హాజరు చెరిపివేయకుండా భద్రపరచాలని స్పష్టంగా కోరాలి. ఆ నోటీసు అందిన తర్వాత రికార్డు మాయమైతే 119వ సెక్షన్ కింద ఊహకు బలం పెరుగుతుంది. కుటుంబసభ్యులు ఫోనులో తీసిన వీడియోను దాఖలు చేసేటప్పుడు అదే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు కావలసిన ధ్రువపత్రం జతచేయాలి. ఆసుపత్రిలో మొదటి చీటీ మీద "పడిపోయింది" అని కాక, ఎక్కడ, ఎలా పడిందో రాయించుకోవడం అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయే జాగ్రత్త.

కొనుగోలు చేసిన బిల్లు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్ దారి తేలిక. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షను ప్రకారం గడువు 2 ఏళ్లు. కొన్న సరుకు విలువ రూ. 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. సరుకు కొనకముందే పడిపోయినవారు, తోడుగా వచ్చినవారు "వినియోగదారు" నిర్వచనంలోకి వస్తారా అన్న అభ్యంతరం తప్పక లేస్తుంది. అలాంటప్పుడు సివిల్ దావాయే భద్రమైన దారి. సివిల్ కోర్టులో గడువు సాధారణంగా 3 ఏళ్లు, కోర్టు ఫీజు మాత్రం కోరిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉందన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు.

పరిహారం లెక్కలో మన కోర్టులు మోటారు ప్రమాదాల తీర్పులనే కొలతగా వాడతాయి. సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో చెప్పిన ముఖ్యమైన సంగతి, డాక్టరు రాసిన వైకల్యం శాతం వేరు, సంపాదన తగ్గిన శాతం వేరు అన్నది. మణికట్టు విరిగి సరిగా అతకని దర్జీకీ, అదే గాయమైన గుమాస్తాకూ నష్టం ఒకటి కాదు. ఇంట్లో పనిచేసే గృహిణి తుంటి విరిగితే "ఆదాయం లేదు కదా" అన్న వాదన ఇప్పుడు చెల్లదు. జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంపై 2001లో వచ్చిన లతా వాధ్వా తీర్పు గృహిణి సేవలను నెలకు రూ. 3,000గా లెక్కకట్టింది, 2021లో కీర్తి తీర్పు ఆ శ్రమకు విలువ కట్టడం కోర్టు బాధ్యతేనని మళ్లీ నొక్కి చెప్పింది. ఎముకలు ముందే బలహీనంగా ఉన్నాయని, అందుకే విరిగాయని ప్రతివాది అంటే, గాయపడిన మనిషిని ఆమె ఉన్న స్థితిలోనే స్వీకరించాలన్నది పాత సూత్రం. బలహీనమైన ఎముకకు ఆమె బాధ్యురాలు కాదు. ఆ పడకలో ఉన్న నెలల్లో వంటకూ, స్నానానికీ, నడిపించడానికీ పెట్టుకున్న మనిషికి ఇచ్చిన జీతానికి రసీదు తీసుకోవాలి. కూతురో కోడలో ఉద్యోగం మానుకుని చూసుకుంటే ఆమె జీతం కోత పత్రాన్ని సాక్ష్యంగా పెట్టాలి.